ఊరికి మైకు కొందాం

చదవండి. చదవడం ఇంకా రాని వాళ్లకు చదివి వినిపించండి. తర్వాత అందరూ కలిసి మాట్లాడుకోండి.

1. అత్తా కోడలూ

ఉద్దానంలో ఒక ఊరు. పేరు మీకు నచ్చింది పెట్టుకోండి. ఊళ్లో రెండు వీధులు. జీడితోటల అవతల, సముద్రం వైపు ఒక పేట.

కోడలు పొదుపు సంఘం సమావేశం నుంచి ఇంటికి వచ్చింది. అత్త అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"ఏటే, ఇంత పొద్దుపోయింది?" అంది అత్త.

"సంఘం డబ్బుతో ఊరికి మైకు కొనాలనుకున్నాం అత్తా. దాని గురించే మాటలు."

"మైకేటి? పెళ్లికీ, అమ్మవారి పండక్కీ అద్దెకి తెచ్చుకుంటన్నాం కదా. సొంతానికెందుకు?"

"తిత్లీ తుఫాను రాత్రి గుర్తుందా నీకు?"

అత్త చెయ్యి ఆగిపోయింది.

"ఎందుకు గుర్తులేదే? ఒక గుంటడు సైకిలు మీద తిరిగి కేకలేశాడు. మన వీధిలో వినపడింది. పేటలో వాళ్లకి గాలి హోరు తప్ప ఏటీ వినపడలేదు. తెల్లారి ఇళ్ల మీద రేకుల్లేవు."

"అందుకే అత్తా, సొంత మైకు."

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి చెట్లు కూలిపోయాయి. చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అంతకు ముందు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. విజయనగరం జిల్లాలో కూడా ఎంతో నష్టం చేసింది. రెండు సార్లూ స్తంభాలు పడిపోయాయి. సెల్‌ఫోన్లు పనిచేయలేదు.

ఇంకో సంగతి గమనించండి. రెండూ అక్టోబరు నెలలోనే వచ్చాయి. అది దసరా రోజుల కాలం. తిత్లీ వచ్చింది నవరాత్రులు మొదలైన మర్నాడే. అప్పుడు అద్దె మైకులు పందిళ్లలో ఉంటాయి. మనకు అవసరమైన రాత్రి అవి మనకు దొరకవు.

2. ముందు అవసరం రాసుకోండి

వస్తువు కొనే ముందు షాపుకు వెళ్లకూడదు. ముందు కాగితం, పెన్సిలు తీసుకోవాలి. ఆ ఊరి సంఘం వాళ్లు ఇలా రాసుకున్నారు.

మైకు ఎందుకు? మాట చెప్పడానికి. తుఫాను కబురు, పోలియో చుక్కల రోజు, సంఘం సమావేశం.

ఎంత దూరం వినపడాలి? పేట చివరి ఇంటి దాకా.

ఎక్కడ ఉంటుంది? ఆరుబయట. ఎండలో, వానలో, ఉప్పుగాలిలో.

కరెంటు పోతే? అప్పుడే ఎక్కువ అవసరం. అందుకని బ్యాటరీ మీద పనిచేయాలి.

డబ్బు ఎంత? 20,000 రూపాయలు. ఒక్క రూపాయి కూడా అప్పు చేయకూడదు.

ఈ అయిదు మాటలే వాళ్లకు దారి చూపాయి. మీరు కూడా ముందు ఇవి రాసుకోండి.

3. హారనా? బాక్సా?

సంఘంలో కొందరు పెద్ద బాక్సులు కొందామన్నారు. పాటలు బాగుంటాయి. రంగు దీపాలు వెలుగుతాయి. "పిల్లలు మురిసిపోతారు" అన్నారు.

బాక్సు మంచిదే. పాటకు మంచిది. దగ్గర కూర్చుని వినేవాళ్లకు మంచిది. దూరానికి మాట పంపాలంటే హారను మంచిది. హారను అంటే ఉమ్మెత్త పువ్వు ఆకారంలో ఉండే బాకా. గుడి మీద, ఎన్నికల జీపు మీద చూసి ఉంటారు. పువ్వు ఆకారం శబ్దాన్ని నాలుగు వైపులకూ చెదరనివ్వదు. ఒక వైపుకు తోస్తుంది. అందుకని కొంచెం కరెంటుతోనే ఎక్కువ దూరం వినిపిస్తుంది. బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

ఇంకో కారణం ఉంది. మనం అచ్చులు, హల్లులు నేర్చుకున్నాం కదా. శబ్దం దూరం పోయేకొద్దీ ముందు హల్లులు చెదిరిపోతాయి. అచ్చులు మిగులుతాయి. దూరం నుంచి పిలిస్తే "ఓ... ఆ..." అని వినిపించడం అందుకే. ఎవరు పిలిచారో తెలుస్తుంది. ఏమన్నారో తెలియదు. బాక్సులో బుం బుం మనే శబ్దం ఎక్కువ. దాని కింద హల్లులు అణగిపోతాయి. హారనులో ఆ బుం బుం తక్కువ. మాటలోని హల్లులు తేటగా వినపడతాయి.

ఇప్పుడు ఈ రెండు మాటలు చదవండి.

వెళ్లొద్దు. వెళ్లొచ్చు.

ఒక్క అక్షరం తేడా. "సముద్రంలోకి వెళ్లొద్దు" అని మనం చెబుతాం. అవతల వాళ్లకు "వెళ్లొచ్చు" అని వినపడితే ఏమవుతుంది? పడవ కదులుతుంది. అందుకే ఊరి మైకుకు పెద్ద శబ్దం ఒక్కటే చాలదు. ప్రతి అక్షరం వినపడాలి.

4. అంకెలు మనకొచ్చు

మైకు సెట్టులో నాలుగు భాగాలు ఉంటాయి.

మైకు: మన మాటను పట్టుకుంటుంది.
యాంప్లిఫయరు: మాటకు బలం ఇస్తుంది.
హారను: మాటను బయటికి పంపుతుంది. దాని వెనక గుండ్రటి యూనిట్ ఉంటుంది. శబ్దం పుట్టేది అందులోనే.
బ్యాటరీ: కరెంటు లేనప్పుడు నడిపిస్తుంది.

యాంప్లిఫయరు వెనక, యూనిట్ వెనక ఒక రేకు ఉంటుంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. భయపడకండి. అంకెలు మనకొచ్చు. అంకె పక్కన గుర్తు ఎలా ఉందో చూడండి.

రెండు లోయలు పక్కపక్కన ఉన్నట్టు గీత ఉంటే అది వాట్లు. బలం ఎంతో చెబుతుంది.

ఒక్క లోయ ఉంటే అది వోల్టులు. ఇంటి కరెంటు 230 వోల్టులు. బ్యాటరీ 12 వోల్టులు. మనం కొనే యాంప్లిఫయరు మీద ఈ రెండూ ఉండాలి.

గుర్రపు నాడా ఆకారం ఉంటే అది ఓములు. యాంప్లిఫయరుకు, హారనుకు జత కుదరాలంటే ఇది చూడాలి.

వాట్ల గురించి చాలామంది మోసపోతారు. 20 వాట్ల బదులు 40 వాట్లు పంపితే శబ్దం రెట్టింపు అనిపించదు. కొంచెమే ఎక్కువ అనిపిస్తుంది. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 రెట్లు వాట్లు కావాలి. కాబట్టి వాట్ల కోసం డబ్బంతా పోయకండి. ఒక పెద్ద హారను ఊరి మధ్య అరిపించడం కంటే, రెండు చిన్న హారన్లు రెండు వైపులకు తిప్పడం మేలు. ఒకటి వీధుల వైపు. ఒకటి పేట వైపు.

జత కుదరడం ఇలా. యాంప్లిఫయరు 40 వాట్లు అయితే, 20 వాట్ల హారన్లు రెండు సరిపోతాయి. 20కి 20 కలిపితే 40. ఒక్క 20 వాట్ల హారనే కట్టి గట్టిగా పెడితే యూనిట్ కాలిపోవచ్చు. ఓముల లెక్క వేరు. 16 ఓముల యూనిట్లు రెండు పక్కపక్కగా కలిపి కడితే 8 ఓములు అవుతుంది. వాటి వైరు యాంప్లిఫయరు మీద 8 అని ఉన్న చోట బిగించాలి. మెకానిక్ చేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూడండి. "ఎనిమిది దగ్గరే కట్టావా బాబూ?" అని అడగండి. అడిగితే తప్పు లేదు.

కొన్ని స్పీకర్ల డబ్బా మీద ఐ.పి. అని రాసి, పక్కన రెండు అంకెలు వేస్తారు. మొదటి అంకె దుమ్ముకు. రెండో అంకె నీటికి. రెండో అంకె 4 అయితే చిందిన నీళ్లకు తట్టుకుంటుంది. 5 అయితే నీటిధార తగిలినా తట్టుకుంటుంది. ఆరుబయట పెట్టేదానికి రెండో అంకె 5 గాని, అంతకంటే పెద్దది గాని ఉంటే మంచిది.

మన తీరంలో ఉప్పుగాలి ఉంది. ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. హారను అల్యూమినియంది గాని, గట్టి ప్లాస్టిక్‌ది గాని తీసుకోండి. పట్టీలు, మరలు కూడా చూడండి. ఇనుప మరలైతే గ్రీజు రాసి ఉంచాలి. హారను బాగానే ఉండి, మర తుప్పు పట్టి కిందపడితే నెత్తి పగులుతుంది.

5. డబ్బు లెక్క

కోడలూ, ఇంకో ఇద్దరు సభ్యులూ టౌనుకు వెళ్లారు. రెండు షాపుల్లో ధరలు రాయించుకున్నారు. ఇక్కడి ధరలు లెక్క నేర్చుకోవడానికి వేసినవి. మీ దగ్గర ధరలు మీరు అడిగి రాసుకోండి.

మొదటి షాపు:

పెద్ద బాక్సులు, లోపలే యాంప్లిఫయరు, రంగు దీపాలు: 18,500 రూపాయలు. కరెంటు మీదే పనిచేస్తుంది.

రెండో షాపు:

60 వాట్ల యాంప్లిఫయరు: 9,000
హారన్లు రెండు, యూనిట్లతో. ఒకటి 2,500: 5,000
మైకు: 1,000
మైకు స్టాండు: 600
వైరు 50 మీటర్లు. మీటరు 20: 1,000
బ్యాటరీ, చార్జరు: 5,400
మొత్తం: 22,000 రూపాయలు

ఇంటికి వచ్చి కాగితం అత్తకు చూపించింది కోడలు.

"మన దగ్గర ఇరవై వేలే ఉన్నాయి. రెండు వేలు ఎక్కువైంది అత్తా. మొదటి షాపుదైతే పదిహేను వందలు మిగులుతాయి. కొందరు అదే కొనేద్దామంటన్నారు."

"అందులో బ్యాటరీ ఉన్నాదేటి?"

"లేదు."

"మరి కరెంటు పోతే?"

కోడలు మాట్లాడలేదు.

"ఆ రాత్రి కోసమే కదే కొంటన్నారు! ఆ రాత్రి నోరు మూసుకునే మైకు మనకెందుకు? ఇంకేటైనా తగ్గించండి. బ్యాటరీ తగ్గించకండి."

మర్నాడు సంఘం మళ్లీ కూర్చుంది. ఏది తగ్గించవచ్చో చూశారు. 60 వాట్ల బదులు 40 వాట్లు అడిగారు. శబ్దం కొంచెమే తగ్గుతుంది కదా. యాంప్లిఫయరు 7,400 అయింది. 20 వాట్ల హారన్లు ఒకటి 2,300 చొప్పున రెండు 4,600 అయ్యాయి. మిగతావి అలాగే ఉంచారు.

7,400 + 4,600 + 1,000 + 600 + 1,000 + 5,400 = 20,000

సరిగ్గా సరిపోయింది. స్టాండు మానేసి ఊళ్లోనే వెదురుతో చేయించారు. మిగిలిన 600 మరమ్మతుకని దాచారు.

మీ సంఘం దగ్గర ఇంత డబ్బు లేదా? అప్పు చేయకండి. చేతి మైకు అని ఉంటుంది. సెల్లుల మీద గాని, చార్జింగ్ మీద గాని పనిచేస్తుంది. ఒకరు పట్టుకుని వీధి వీధీ తిరగవచ్చు. చిన్న ఊరికి అదీ చాలు.

6. షాపులో పరీక్ష

షాపువాళ్లు పాట పెట్టి వినిపిస్తారు. పాట బాగుంది కదా అని మోసపోకండి. మనం కొనేది మాటకు. మైకు మీరే తీసుకోండి. సిగ్గుపడకండి.

ఒకరు మైకులో మాట్లాడాలి. ఇంకొకరు వీధి చివరకు వెళ్లి నిలబడాలి. మైకు దగ్గర ఉన్నామె "వెళ్లొద్దు" అనో, "వెళ్లొచ్చు" అనో ఏదో ఒకటి అనాలి. పది సార్లు అనాలి. దూరంగా ఉన్నామె విన్నది విన్నట్టు కాగితం మీద రాయాలి. తర్వాత సరిచూడాలి. పదికి పది సరిపోతే ఆ మైకు మన ఊరికి పనికొస్తుంది. ఏడో ఎనిమిదో సరిపోతే శబ్దం తగ్గించి మళ్లీ చూడండి. ఒక్కోసారి శబ్దం మరీ ఎక్కువ పెట్టడం వల్లే మాట పగులుతుంది.

తర్వాత కరెంటు ప్లగ్గు తీసేయించండి. బ్యాటరీ మీద అదే పరీక్ష మళ్లీ చేయండి.

డబ్బు ఇచ్చే ముందు ఇవి చూడండి.

బిల్లు తీసుకోండి. బిల్లు మీద సంఘం పేరు ఉండాలి.

బిల్లు మీద మోడలు నెంబరు ఉంటుంది. వస్తువు వెనక రేకు మీద కూడా ఉంటుంది. రెండూ ఒకటేనా? ఒక్కొక్క అంకె వేలు పెట్టి చదవండి. పేరున్న కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి అమ్మేవాళ్లు ఉంటారు.

గ్యారంటీ కార్డు మీద తేదీ, షాపు ముద్ర వేయించండి.

యూనిట్ పాడైతే లోపలి పలుచటి రేకు మార్చుకోవచ్చు. అది ఎక్కడ దొరుకుతుంది? ఎవరు బాగుచేస్తారు? ముందే అడగండి.

7. కట్టడం, కాపాడటం

హారను ఇంటి కప్పు కంటే ఎత్తులో కట్టాలి. మూతి కొంచెం కిందికి వంచాలి. అప్పుడు వాన నీళ్లు లోపల నిలవవు. మాట కూడా మనుషుల మీదికి దిగుతుంది.

మైకు ఎప్పుడూ హారన్ల వెనక ఉండాలి. ముందు ఉంటే హారను శబ్దం మళ్లీ మైకులోకి వస్తుంది. "కుయ్" మని కూత పెడుతుంది. కూత వస్తే శబ్దం తగ్గించండి, మైకు పక్కకు జరపండి.

హారను దగ్గరికి వైరు ఎంత పొడుగైతే అంత బలం దారిలో పోతుంది. సన్న వైరు వాడకండి. హారను కరెంటు స్తంభానికి ఎప్పుడూ కట్టకండి. తడి చేత్తో మైకు ముట్టుకోకండి.

బ్యాటరీ లెక్క: బ్యాటరీ మీద 40 ఆంపియర్ గంటలు అని ఉందనుకోండి. మన సెట్టు గట్టిగా వాడితే 5 ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి. 40ని 5తో భాగిస్తే 8 గంటలు. అది కాగితం మీద లెక్క. బ్యాటరీ పాతబడుతుంది. సగమే నమ్మండి. అంటే 4 గంటలు. అందుకని ఒకేసారి వాగకండి. కబురు చెప్పండి, ఆపండి. కాసేపాగి మళ్లీ చెప్పండి.

వాడకపోయినా నెలకొకసారి చార్జింగ్ పెట్టండి. ఎవరు పెట్టాలో సంఘం పుస్తకంలో పేరు రాయండి. "అందరి పని" అంటే ఎవరి పనీ కాదు.

పెనుగాలి మొదలయ్యాక గడ మీద చెయ్యి వేయకండి. చెప్పవలసింది అంతకు ముందే చెప్పేయాలి. తర్వాత సెట్టు తీసుకుని మీరు కూడా గట్టి భవనంలోకి వెళ్లిపోవాలి.

8. చట్టం ఏమంటుంది?

శబ్ద కాలుష్యం గురించి మన దేశంలో 2000 సంవత్సరంలో నియమాలు వచ్చాయి. ఆరుబయట మైకు వాడాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఎవరికి దరఖాస్తు ఇవ్వాలో పోలీసు స్టేషనులో అడగండి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. ఆపద సమయంలో మాత్రం పెట్టవచ్చు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్ల దాకా నిశ్శబ్దంగా ఉండాలని ప్రకటించవచ్చు.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరానికి వెళ్లినవాళ్లు మైకుల హోరు విని ఉంటారు. ఆ హోరు ఏడాదికొక రోజు. ఇంటి పక్క హోరు రోజూ ఉంటే పసిబిడ్డ నిద్రపోదు. పదో తరగతి పిల్లకు చదువు ఎక్కదు. రోజూ అనవసరంగా మోగే మైకును జనం వినడం మానేస్తారు. అప్పుడు ఆపద కబురు కూడా వినరు. తక్కువ మోగితేనే మైకుకు విలువ.

9. మొదటి మాట

ఆ ఊళ్లో మైకు కట్టారు. "మొదట ఎవరు మాట్లాడతారు?" అన్నారు. మగవాళ్లు ముందుకు వచ్చారు. అత్త లేచింది.

"సంఘం డబ్బు పెట్టి కొన్నాం. మా గుంట చదువుద్ది" అంది.

కోడలు కాగితం తీసింది. చేతులు వణికాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"ఇది మైకు పరీక్ష. తుఫాను కబురు వస్తే ఈ మైకులో చెబుతాం. సముద్రంలోకి వెళ్లొద్దు అంటే, వెళ్లొద్దు."

పేట చివరి ఇంటి నుంచి ఒక పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏటి వినపడిందే?" అని అత్త అడిగింది.

"వెళ్లొద్దు అన్నారు" అంది పిల్ల.

కొత్త మాటలు: చదవండి, రాయండి

యాంప్లిఫయరు, హారను, యూనిట్, వాట్లు, వోల్టులు, ఓములు, గ్యారంటీ, అనుమతి

జంట మాటలు

ఒక్క అక్షరం తేడా ఉన్న ఈ మాటలు పైకి చదవండి. మీరు ఇంకో నాలుగు జంటలు రాయండి.
రావద్దు - రావచ్చు
తాగొద్దు - తాగొచ్చు
పాలు - పారు

లెక్క చేయండి

1. అద్దె మైకు రోజుకు 800 రూపాయలు అనుకోండి. 20,000 రూపాయలతో ఎన్ని రోజులు అద్దెకు తేవచ్చు?
2. మీ ఊళ్లో ఏడాదికి 10 రోజులు మైకు కావాలనుకోండి. సొంత మైకు ఖర్చు ఎన్నేళ్లలో తీరుతుంది?
3. 60 వాట్ల యాంప్లిఫయరు ఉంది. 15 వాట్ల హారన్లు ఎన్ని సరిపోతాయి?

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో తుఫాను కబురు చివరి ఇంటికి ఎలా చేరుతుంది?
2. మైకు తాళం ఎవరి దగ్గర ఉండాలి? ఎందుకు?
3. మీ సంఘంలో మైకులో మాట్లాడటానికి ఎవరెవరు సిద్ధం? వాళ్ల పేర్లు మీరే రాయండి.